అన్నా మాన్యాని: ‘నటించలేదు, జీవించింది’ అనే మాట ఆమెకు సరిపోతుందా?

మీరు మూడు సంగతులు అడిగారు. ఇటాలియన్ నటి అనగానే అందరూ సోఫియా లారెన్ పేరు చెబుతారు, మరి ఈ అన్నా మాన్యాని ఎవరు? ఆమె గురించి ‘నటించలేదు, జీవించింది’ అని రాస్తుంటారు, అది నిజమేనా? ఆమె సినిమాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ముప్పై ఏళ్లుగా ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలు నడుపుతున్నాను. ఆమె ముఖ్యమైన సినిమాలను ప్రేక్షకుల మధ్య కూర్చుని చాలాసార్లు చూశాను. మీ మూడు ప్రశ్నల్లో రెండోదే అసలైనదని నా అభిప్రాయం. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

‘నటించలేదు, జీవించింది’ అన్నది మన సమీక్షల్లో అతి పెద్ద మెచ్చుకోలు. మాన్యాని విషయంలో మాత్రం ఆ మెచ్చుకోలు ఆమె పనితనాన్ని కాజేస్తుంది. అగ్నిపర్వతం అన్నారు, ఆడపులి అన్నారు, సాక్షాత్తు రోమ్ నగరమే అన్నారు. ఇన్ని పొగడ్తల వెనుక ఉన్న ఊహ ఒక్కటే: ఆమెకు విద్య అంటూ ఏమీ లేదని, స్వభావమే తెర మీదికి పొంగిపోయిందని. నేను దాన్ని ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ఒక సన్నివేశం దగ్గరికి వెళ్లాలి.

రోబెర్తో రోసెల్లిని తీసిన ‘రోమ్, ఓపెన్ సిటీ’ 1945లో విడుదలైంది. జర్మన్ సేనలు 1944 జూన్‌లో రోమ్ వదిలి వెళ్లిన కొద్ది నెలలకే, ఆ నగర వీధుల్లోనే షూటింగు మొదలైంది. రోమ్ జర్మన్ల చేతిలో ఉన్న రోజుల కథ అది. మాన్యాని పాత్ర పేరు పీనా. కార్మికవాడలో ఉండే వితంతువు. ఒక కొడుకు ఉన్నాడు, కడుపులో ఇంకో బిడ్డ పెరుగుతోంది. ఆ రోజే ఫ్రాంచెస్కోతో ఆమె పెళ్లి జరగాలి. సైనికులు వచ్చి ఆ భవనాన్ని చుట్టుముడతారు, అందరినీ కిందికి దింపుతారు. పై అంతస్తులో ఆయుధాలు దాచి ఉన్నాయి. వాటిని కాపాడటానికి పాదిరి దొన్ పియెత్రో పైకి వెళ్లి, మంచాన పడి ఉన్న ముసలాయనకు అంతిమ ప్రార్థన చేస్తున్నట్టు నటిస్తాడు. ఆ ముసలాయన కదలకుండా ఉంటే కదా! చివరికి పెనంతో ఒక్కటి వేసి పడుకోబెడతాడు. హాలు హాలంతా నవ్వుతుంది. మా ప్రదర్శనల్లో ప్రతిసారీ నవ్వారు.

ఆ నవ్వు ఇంకా పూర్తిగా అణగకముందే కింద సైనికులు ఫ్రాంచెస్కోను లారీ ఎక్కిస్తారు. పీనా చూస్తుంది. అడ్డొచ్చిన సైనికుణ్ణి కొట్టి విడిపించుకుంటుంది. కుడి చెయ్యి ముందుకు చాచి, అతని పేరు పెట్టి కేకలు వేస్తూ లారీ వెంట పరుగెత్తుతుంది. తుపాకీ మోత. నడివీధిలో బోర్లా పడిపోతుంది. కొడుకు వచ్చి మీద పడి ఏడుస్తాడు. కొన్ని సెకన్ల పరుగు అది. కథలో ఇంకా సగం మిగిలి ఉండగా, మనం ఎక్కువగా ప్రేమించిన మనిషి చచ్చిపోతుంది. పెనం దెబ్బకు నవ్విన హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇది చూసినవారు ‘జీవించింది’ అనడంలో ఆశ్చర్యం లేదు. ఆ మాటకు ఆమే సాక్ష్యం ఇచ్చింది కూడా. ఆ రోజు తలుపు తీసుకుని బయటికి రాగానే, గోడవారగా నిలబెట్టిన జనాన్ని, జర్మన్ యూనిఫారాలను చూసి మునుపటి భయంకరమైన రోజుల్లోకి వెళ్లిపోయానని, తాను తానుగా లేనని తరువాత చెప్పుకుంది. ఈ పాత్రకు మూలం కూడా కల్పన కాదు. తెరెసా గుల్లాచే అనే అయిదుగురు బిడ్డల తల్లిని, గర్భిణిని, 1944 మార్చి 3న రోమ్‌లోని జూలియో చెజారే వీధిలో సైనిక స్థావరం ఎదుట కాల్చి చంపారు. పట్టుబడిన భర్త దగ్గరికి వెళ్లాలని ప్రయత్నించడమే ఆమె చేసిన నేరం. ఏడాది తిరిగేసరికి ఆ చావును ఆ ఊరి జనం మధ్యనే మళ్లీ నటించి చూపాలి. ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది.

అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ సినిమాను డబ్బు చాలక ధ్వని లేకుండా చిత్రీకరించారు. మాటలన్నీ తరువాత స్టూడియోలో రికార్డు చేశారు. అంటే మన గుండె చీల్చే ఆ ‘ఫ్రాంచెస్కో!’ అన్న కేక వీధిలో పుట్టింది కాదు. షూటింగు ముగిశాక, ఎదురుగా సైనికులు లేని, లారీ లేని, జనం లేని ఒక గదిలో, తెర మీద తన పెదవుల కదలికనే చూసుకుంటూ, పరుగులో పొంగే ఊపిరితో సహా ఆమె ఆ కేకను మళ్లీ పుట్టించింది. వీధిలో ఆవేశం పూని ఉండవచ్చు, కాదనను. ఆ గదిలో ఆదుకున్నది విద్యే.

ఆ విద్య ఎక్కడిది? మాన్యాని 1908 మార్చి 7న రోమ్‌లో పుట్టింది. తల్లి మరీనా పెళ్లి కాని స్త్రీ. బిడ్డను తన తల్లికి అప్పగించి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వెళ్లిపోయింది. అమ్మమ్మ, పిన్నులు, పెద్దమ్మల చేతుల్లో ఆ పిల్ల పెరిగింది. తండ్రి ఎవరో తెలియదు. పెద్దయ్యాక వెతికితే ఆయన ఇంటిపేరు దెల్ దూచే అని తేలిందని, ముస్సోలినీని దేశమంతా ‘దూచే’ అని పిలిచే రోజులు కనుక ‘దూచే కూతురు’ అనిపించుకోవడం ఇష్టం లేక వెతకడం అక్కడితో ఆపేశానని ఆమే చెప్పేది. రోమ్‌లో ఎలియొనోరా డూసే పేరిట ఉన్న నటన పాఠశాలలో చదివింది. ఆ తరువాత నాటక బృందాల్లో తిరిగింది, రాత్రి క్లబ్బుల్లో పాటలు పాడింది, రెవ్యూల్లో చేరింది.

ఈ రెవ్యూ అన్నదాన్ని కొంచెం వివరించాలి, ఎందుకంటే కీలకం అక్కడే ఉంది. పాటలు, నృత్యాలు, చిన్న చిన్న హాస్య నాటికలు, ఆనాటి సంగతుల మీద విసుర్లు, అన్నీ కలగలిపిన ప్రదర్శన అది. రోమ్ వెరైటీ థియేటరు ప్రేక్షకులు చాలా నిర్దాక్షిణ్యులు. నచ్చకపోతే ఈలలు వేస్తారు, ఎదురు మాటలు విసురుతారు. అక్కడ నిలబడాలంటే జవాబు నాలుక చివర ఉండాలి. మాట ఎక్కడ ఆపితే నవ్వు పేలుతుందో, ఆ నవ్వును ఎంతసేపు సాగనిచ్చి తరువాతి మాట అందుకోవాలో తెలియాలి. మాన్యాని అక్కడ ఏళ్ల తరబడి రాటుదేలింది. యుద్ధకాలంలో మహా హాస్యనటుడు తోతోతో కలిసి ఎన్నో రెవ్యూల్లో ఆడింది. దొన్ పియెత్రోగా వేసిన ఆల్డో ఫాబ్రిజి కూడా వెరైటీ రంగం నుంచి వచ్చిన హాస్యనటుడే. 1945లో రోమ్ ప్రేక్షకులకు వీళ్లిద్దరూ నవ్వించే మనుషులుగానే ఎక్కువ తెలుసు. నవ్వించేవాళ్లు తమ కళ్లెదుట చావడం ఆ ప్రేక్షకులకు ఎలా తగిలి ఉంటుందో ఊహించండి.

సినిమాల్లో మాత్రం చాలాకాలం ఆమెకు చోటు దొరకలేదు. 1934లోనే మొదటి సినిమా చేసింది. దర్శకుడు గొఫ్రేదో అలెస్సాంద్రీనిని పెళ్లాడింది కూడా. కానీ ఆ రోజుల్లో ఇటలీలో నడిచినవి ‘తెల్ల టెలిఫోన్’ సినిమాలు. సంపన్నుల ఇళ్లు, నున్నటి ముఖాల నాయికలు, బల్ల మీద తెల్ల టెలిఫోను. చెదిరిన నల్లటి జుట్టు, కళ్ల కింద వలయాలు ఉన్న ఈ చిన్నపాటి మనిషికి ఆ గదుల్లో ఏం పని? 1941లో దర్శకుడు విత్తోరియో డి సికా ఒక సినిమాలో వెరైటీ గాయని పాత్ర ఇస్తే, ఉన్న కాసేపట్లోనే ఆమె దాన్ని లాగేసుకుంది. మరుసటి ఏడాది దర్శకుడు లుకీనో విస్కోంటి తన మొదటి సినిమా ‘ఒసెస్సియోనే’కు నాయికగా ఆమెనే కోరుకున్నాడు. అప్పటికి ఆమె గర్భిణి. పాత్ర మరొకరికి వెళ్లింది. 1942లో కొడుకు లూకా పుట్టాడు. భర్త నుంచి అప్పటికే విడిపోయి ఉంది. బిడ్డ తండ్రి మాస్సిమో సెరాతో అనే నటుడు, అతనూ నిలబడలేదు. ఏడాదిన్నర వయసులో బిడ్డకు పోలియో సోకింది. కొడుక్కి తన ఇంటిపేరే పెట్టుకుంది. వైద్యం కోసం ఎంత సంపాదనైనా అటే పోయింది. ‘రోమ్, ఓపెన్ సిటీ’లో పీనాగా పరుగెత్తేనాటికి ఆమె వయసు ముప్పై ఆరు దాటింది. సామాన్యంగా నాయికలను పక్కన పెట్టే వయసులో ఆమెకు తెర తెరుచుకుంది.

తరువాత ప్రపంచం ఆమెను గుర్తించింది. ఆ సినిమా 1946లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్న చిత్రాల్లో ఒకటి. 1947లో వెనిస్ చిత్రోత్సవంలో ఆమె ఉత్తమ నటి అయింది. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘రోమ్, ఓపెన్ సిటీ’ని కూడా చూపించారు. బొంబాయిలో మొదలైన ఆ ఉత్సవం మద్రాసుకూ వచ్చింది. అప్పటి తెలుగు సినిమాకు మద్రాసే ఇల్లు కదా.

రోసెల్లినితో ఆమె ప్రేమ గురించి, హాలీవుడ్ తార ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ రాకతో అది తెగిపోవడం గురించి ఎన్నో కథలు వింటారు. ఆ కథల వల్ల ఆమె పని మరుగున పడిపోవడం నాకు బాధ కలిగిస్తుంది కనుక క్లుప్తంగా చెబుతాను. 1949 వేసవిలో సిసిలీ దగ్గరి దీవుల్లో రోసెల్లిని బెర్గ్‌మన్‌తో ‘స్ట్రాంబోలి’ తీస్తుంటే, దగ్గరలోనే ఇంకో దీవిలో మాన్యాని పోటీగా ‘వుల్కానో’లో నటించింది. 1950 ఫిబ్రవరి 2న రోమ్‌లో ‘వుల్కానో’ మొదటి ప్రదర్శన. బెర్గ్‌మన్‌కు కొడుకు పుట్టాడన్న కబురు అదే రోజు తెలిసింది. విలేకరులు హాలు వదిలి ఆసుపత్రికి పరుగెత్తారు. ఇంతకంటే దీని గురించి తెలుసుకోవాల్సింది లేదు.

రోసెల్లినితో ఆమె చేసిన ‘లామోరె’ (1948) మాత్రం తప్పక తెలుసుకోవాలి. అందులో రెండు కథలు. మొదటిదానిలో ఒక గది, ఒక స్త్రీ, ఒక టెలిఫోను. వదిలేసి వెళ్లిపోతున్న ప్రియుడితో ఆఖరిసారి మాట్లాడుతోంది. అరగంటకు పైగా ఆ ముఖం ఒక్కటే. అవతలి మాట మనకు వినబడదు, కానీ ఆమె వింటున్న తీరును బట్టి అతను ఏమంటున్నాడో తెలిసిపోతుంది. వినడం కూడా నటనే అని ఇంత స్పష్టంగా చూపిన దృశ్యం నాకు మరొకటి తెలియదు. రెండో కథలో ఆమె మేకలు కాసే అమాయకురాలు. దారిన పోయే బాటసారిని సెయింట్ జోసెఫ్ అనుకుంటుంది, గర్భం వస్తే దైవప్రసాదం అని నమ్ముతుంది. ఆ బాటసారిగా వేసింది, తరువాత పెద్ద దర్శకుడైన ఫెల్లిని, అప్పటికి యువకుడు; కథ రాసిందీ అతనే. న్యూయార్క్‌లో ఈ సినిమా దైవదూషణ అంటూ అనుమతి రద్దు చేస్తే వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాక్‌స్వాతంత్ర్యానికి ఉన్న రాజ్యాంగ రక్షణ సినిమాకూ ఉంటుందని 1952లో ఆ కోర్టు మొదటిసారి తేల్చింది ఈ కేసులోనే.

ఇక నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన సినిమా విస్కోంటి తీసిన ‘బెల్లిస్సిమా’ (1951). మద్దలేనా ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు వేసి బతికే స్త్రీ. సినిమా కోసం అందమైన పాప కావాలని రోమ్‌లోని చినెచిత్తా సినిమా స్టూడియో పోటీ పెడుతుంది. కూతురు మరియాను తారను చేయాలని ఈ తల్లి కూడబెట్టిన డబ్బంతా ధారపోస్తుంది. సిఫారసు చేయిస్తానన్న కుర్రవాడు యాభై వేల లీరాలు తీసుకుని స్కూటర్ కొనుక్కుంటాడు. ఈ సినిమాలో మాన్యాని నోరు ఆగదు. బేరం, తిట్టు, బతిమాలడం, గొప్పలు, అన్నీ ఒకే గుక్కలో. రోమ్ మాండలికంలో అప్పటికప్పుడు మాటలు అల్లుకోవడానికి విస్కోంటి ఆమెకు స్వేచ్ఛ ఇచ్చాడు. రెవ్యూ వేదిక మీద నేర్చిన ఉపాయాలన్నీ అక్కడ కనబడతాయి.

అందులో చిన్న సన్నివేశం ఒకటి ఉంది. మద్దలేనా అద్దం ముందు కూర్చుని జుట్టు దువ్వుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటుంది. నటించడం అంటే ఇంతకీ ఏమిటి, నేను మరొకరినని నమ్మితే, మరొకరినని నటిస్తే, అదే కదా నటన, అనే ధోరణిలో సాగుతుంది ఆ మాట. దువ్వెన ఆగదు. గొంతులో బరువు ఉండదు. ఇంటి పనుల మధ్య వచ్చిపోయే ఆలోచనలా అనేసి వదిలేస్తుంది. నటన ఎరుగని స్త్రీగా నటిస్తూ నటన గురించి మాట్లాడుతున్నది అప్పటికి పాతికేళ్లుగా ఆ పనే చేస్తున్న మనిషి. అది పైకి ఎక్కడా తెలియనివ్వదు. ‘జీవించింది’ అనేవారికి నేను ఎప్పుడూ చూపించేది ఈ నిమిషమే.

చివర్లో తల్లి ప్రొజెక్షన్ గదిలో దాక్కుని చూస్తుంది. తెర మీద తన బిడ్డ వెక్కివెక్కి ఏడుస్తోంది, కింద సినిమావాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వుల కింద మాన్యాని ముఖం రంగు మారిపోయే తీరు మాటల్లో పెట్టలేను. తీరా పిల్లకు ఒప్పందం ఇస్తామని వాళ్లు ఇంటికొస్తే వద్దంటుంది. ఆ రాత్రి మంచం మీద పడి ఏడుస్తుండగా, పక్కనున్న ఆరుబయట సినిమా నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. అది బర్ట్ లాంకాస్టర్ అని, ఎంత బాగుంటాడో అని ఏడుపులోనే అంటుంది. నాలుగేళ్లకు ఆ హాలీవుడ్ నటుడు లాంకాస్టర్ పక్కనే నటించి మాన్యాని ఆస్కార్ గెలిచింది.

ఆ సినిమా ‘ది రోజ్ టాటూ’ (1955). అమెరికన్ నాటక రచయిత టెన్నెసీ విలియమ్స్ ఆమెను మనసులో పెట్టుకునే ఆ నాటకం రాశాడు. 1951లో బ్రాడ్‌వేలో వేయమంటే తన ఇంగ్లీషు చాలదని ఆమె ఒప్పుకోలేదు. సినిమాకు మాత్రం ఒప్పుకుంది. సెరఫీనా అనే సిసిలీ దర్జీ, చనిపోయిన భర్త అస్థికలను పూజించే వితంతువు. నాకు ఈ సినిమా మొత్తంగా అంత గొప్పదిగా అనిపించదు, అక్కడక్కడా మరీ బిగ్గరగా ఉంటుంది. కానీ పరాయి భాషలో కూడా హాస్యం సమయం తప్పకుండా పడటం చూడండి. 1956 మార్చిలో ఉత్తమ నటి ఆస్కార్ ప్రకటించినప్పుడు ఆమె రోమ్‌లో ఉంది. సినిమాలో ఆమె కూతురుగా వేసిన మరీసా పవాన్ ఆ బహుమతి అందుకుంది. ఇటలీలో పుట్టిన నటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. తరువాత ఆంథొనీ క్విన్‌తో ‘వైల్డ్ ఈజ్ ద విండ్’, మార్లన్ బ్రాండోతో ‘ది ఫ్యుజిటివ్ కైండ్’ చేసి మళ్లీ రోమ్‌కు వచ్చేసింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, సోఫియా లారెన్. లారెన్‌కు ఆస్కార్ తెచ్చిన ‘టూ విమెన్’ (1960)లో తల్లి పాత్ర మొదట మాన్యానికే అనుకున్నారు, లారెన్ కూతురుగా వేయాలి. లారెన్‌కు తల్లిగా కనిపించడం మాన్యానికి ఇష్టం లేకపోయింది. చివరికి ఇరవయ్యారేళ్ల లారెనే తల్లి పాత్ర వేసింది, పేరు తెచ్చుకుంది. లారెన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆ సినిమాలో అద్భుతంగా చేసింది. ప్రపంచానికి లారెన్ ఎక్కువ తెలియడానికి వయసు, అందం, హాలీవుడ్‌లో ఎక్కువ కాలం పనిచేయడం, నిర్మాత అయిన భర్త అండ అన్నీ కారణాలే. మాన్యాని మాత్రం తన ఊరు వదిలి ఎక్కువ రోజులు ఉండలేదు. రోమ్ వాసులు ఆమెను ‘నన్నరెల్లా’ అని ముద్దుగా పిలిచేవారు. పేరు గురించి ఒక మాట: కొందరు ‘మగ్నాని’ అని రాస్తారు. ఇటాలియన్‌లో g, n అనే రెండు అక్షరాలు కలిస్తే మన ‘న్య’ ధ్వనే వస్తుంది, కనుక ‘మాన్యాని’ అనడమే సరి.

దర్శకుడు పసోలిని తీసిన ‘మమ్మా రోమా’ (1962) గురించి చెప్పకుండా ఆపలేను. వేశ్యావృత్తి మానేసి, కూరగాయలు అమ్ముకుంటూ, కొడుకును మర్యాదస్తుణ్ణి చేయాలని తపించే తల్లి. రాత్రివేళ చీకటి రోడ్డు మీద ఆమె నడుస్తూ మాట్లాడుతుంటే కెమెరా ఎదురుగా వెనక్కి జరుగుతుంది. చీకట్లోంచి ఒకరు వచ్చి నాలుగడుగులు తోడు నడిచి తప్పుకుంటారు, ఇంకొకరు వచ్చి కలుస్తారు. మాట మాత్రం తెగదు. వినేవాడు మారినా గొంతు తడబడదు, కథ నవ్వులోంచి కన్నీళ్లలోకి వెళ్లి మళ్లీ నవ్వులోకి వస్తుంది. ఇది అచ్చంగా రెవ్యూ వేదిక విద్య. పసోలినికి వృత్తి నటులు కానివారితో చిన్న చిన్న ముక్కలుగా తీయడం అలవాటు. ఆమెకు ఒక భావాన్ని మొదటినుంచి చివరిదాకా మోసుకెళ్లడం అలవాటు. ఇద్దరికీ పొసగలేదు. ఆమెను తీసుకోవడం తన పొరపాటేమోనని తరువాత అతనే అన్నాడు. నేను ఈ విషయంలో పసోలినితో ఏకీభవించను. ఆ పాత్ర తనది కాని జీవితంలోకి ఎక్కాలని తపించే స్త్రీది. చుట్టూ ఉన్నవాళ్ల నటనతో ఆమె నటన అతకకపోవడమే ఆ కథకు బలం.

ఆ తరువాత సినిమా ఆమెను దాదాపు మరిచిపోయింది. ఆమె వేదిక మీదికి వెళ్లింది. 1965లో జెఫిరెల్లి దర్శకత్వంలో ‘లా లూపా’ నాటకం వేసింది. 1971లో అల్ఫ్రేదో జన్నెత్తి టెలివిజన్ కోసం ఆమెతో వరుసగా చిత్రాలు తీశాడు. 1973 సెప్టెంబరు 26న క్లోమ క్యాన్సర్‌తో రోమ్‌లో కన్నుమూసింది. వయసు 65. ఆఖరి రోజుల్లో రోసెల్లిని పక్కనే ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆమె నటించిన టెలివిజన్ చిత్రం ప్రసారమైంది. అంత్యక్రియల రోజున రోమ్‌లోని మినెర్వా చర్చి ముందు కూడలంతా జనంతో నిండిపోయింది. శవపేటిక బయటికి రాగానే చప్పట్లు కొట్టారు.

ఇక ఏ వరుసలో చూడాలంటే, అందరూ చెప్పినట్టు ‘రోమ్, ఓపెన్ సిటీ’తో మొదలుపెట్టకండి. ముందు ‘బెల్లిస్సిమా’ చూడండి. ఆమె నవ్వించడం ఎరిగాక పీనా చావు మరింత లోతుగా తగులుతుంది. మూడోది ‘మమ్మా రోమా’. ‘లామోరె’ టెలిఫోను కథను ఒంటరిగా, ఎవరూ కదిలించని సమయంలో చూడండి. ‘ది రోజ్ టాటూ’ తరువాతైనా ఫరవాలేదు. చివర ఫెల్లిని ‘రోమా’ (1972). అందులో యుద్ధకాలపు వెరైటీ థియేటరు ఎలా ఉండేదో, ఆ ప్రేక్షకుల అల్లరి ఎంతటిదో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అదే సినిమా ఆఖర్లో, రాత్రిపూట ఇంటికి చేరుకుంటున్న మాన్యానిని ఫెల్లిని గుమ్మం దగ్గర ఆపి రోమ్‌కు ప్రతీకవు నువ్వు అంటూ మొదలుపెడతాడు. పోయి పడుకో, నిన్ను నమ్మను, అని నవ్వుతూ తలుపు వేసేస్తుంది. తెర మీద ఆమె ఆఖరిసారి కనబడేది అక్కడే.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఈ ఇటాలియన్ సినిమాలకు ఇంగ్లీషులో డబ్బింగు చేసిన ప్రతులు కూడా ఉంటాయి, వాటి జోలికి పోకండి. ఇటాలియన్ మాటలతో, కింద ఉపశీర్షికలతో ఉన్నదే వెతికి చూడండి. భాష తెలియకపోయినా ఆ బొంగురు గొంతు వినాలి.